ప్రియమైన మిస్ ఎబర్‌సోల్‌కి

అప్పర్ ఫెన్నెల్ టౌన్‌షిప్, పెన్సిల్వేనియా
సెప్టెంబర్ 9, 1975

ప్రియమైన క్లేటన్,

నీ ఉత్తరం అందింది. ముందు చివాట్లు, తర్వాత కబుర్లు. "ప్రియమైన మిస్ ఎబర్‌సోల్‌కి" అని మొదలుపెట్టొద్దని ఎన్నిసార్లు మొత్తుకోవాలి నీకు? మన పెళ్ళయి ఇరవై ఏళ్ళు దాటింది. నా పుట్టింటి పేరు నేనే మర్చిపోయాను. నిన్న డోర్కస్ వచ్చి కూర్చుని, "మీ ఆయన ఏం రాశాడో చదువు చదువు" అని ప్రాణం తీస్తే, మొదటి లైను మింగేసి రెండో లైను నుంచి చదవాల్సి వచ్చింది. పక్కింటావిడకి, అందులోనూ మంటలార్పే ఫైర్ కంపెనీ మహిళా సంఘం అధ్యక్షురాలికి ఆ లైను దొరికితే ఇంకేమైనా ఉందా! ఊరంతా నన్ను అలాగే పిలిచి ఏడిపిస్తుంది. బుద్ధిగా వెర్నా అని రాయి.

ఇక్కడి సంగతులు ఏం బాగాలేవు. మన వెనక గుట్ట మీద మళ్ళీ మందుగుండు పేల్చారు. పరీక్ష కోసమేనట, రాయి ఎంత లోతు ఉందో చూడ్డానికట. అల్మారాలో పళ్ళేలు గలగలమన్నాయి. ఆ మర్నాడు కాఫీకని బావి నీళ్ళ కుళాయి తిప్పితే ఎర్రటి బురద నీళ్ళు పడ్డాయి క్లేటన్. సాయంత్రానికి తేరుకున్నాయిలే. కానీ నా గుండె తేరుకోలేదు. రోజూ పొద్దున్నే గాజు గ్లాసులో పట్టి కిటికీ దగ్గర పెట్టి చూస్తున్నాను.

క్వారీ వస్తుందా రాదా అన్నది జనవరిలో తేలుతుంది. టౌన్‌షిప్‌ని నడిపే ముగ్గురు సూపర్‌వైజర్లలో ఒకాయన కావాలంటాడు, ఒకాయన వద్దంటాడు, మూడో కుర్చీ ఖాళీ అవుతోంది. నవంబర్ ఎన్నికల్లో ఆ కుర్చీకి నిలబడ్డది ఎవరో తెలుసా? ఎమ్మెట్ లెంట్జ్ ఒక్కడే. ఇళ్ళ స్థలాలమ్మే లెంట్జ్, క్వారీ కావాలనేవాడే! బ్యాలెట్ మీద ఇంకో పేరే లేదు. గెలిచినట్టే తిరుగుతున్నాడు. కనిపించిన ప్రతివాడికీ పేరు ముద్రించిన పెన్సిళ్ళు పంచుతున్నాడు.

లవీనా అత్తయ్య మొన్న వచ్చింది. వచ్చే ఏడు దేశానికి రెండు వందల ఏళ్ళు నిండుతాయి కదా, టౌన్‌షిప్ చరిత్ర పుస్తకం వేస్తున్నారు, రాసే పని ఆవిడదే. ఊట దగ్గర మా నాయనమ్మ నిలబడ్డ ఫోటో కావాలంది. లోపలికి రమ్మంటే గుమ్మంలోనే నిలబడింది. "ఈ టౌన్‌షిప్ పుట్టిందే ఆ ఊట కోసం. నీళ్ళ కోసం రెండు కుటుంబాలు పారలతో తలలు పగలగొట్టుకుని, చివరికి ఆ రాళ్ళ మీదే కూర్చుని మొదటి సభ పెట్టుకున్నారు" అని నాకు పాఠం చెప్పింది. "మరి ఆ ఊట గుట్ట కిందేగా అత్తయ్యా, క్వారీ వస్తే అది ఎండిపోదా?" అన్నాను. "నేను చరిత్ర రాస్తాను, నడపను" అని ఫోటో తీసుకుని వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ మన వరండా మెట్టు కదులుతోందని చెప్పడం మాత్రం మర్చిపోలేదు.

చలికి కాళ్ళు జాగ్రత్త. ఊలు మేజోళ్ళు పంపిస్తున్నాను.

నీ
వెర్నా

*

నూనె గొట్టం వేసే క్యాంపు, అలాస్కా
సెప్టెంబర్ 24

ప్రియమైన మిస్ ఎబర్‌సోల్‌కి,

చివాట్లు అందాయి, మేజోళ్ళు అందాయి. మేజోళ్ళు వేసుకున్నాను, చివాట్లు దులిపేసుకున్నాను.

ఆ పేరు మానమంటే ఎలా మానను చెప్పు? ఆ ఒంటి గది బడిలో నేను నిన్ను మొదట చూసింది ఆ పేరుతోనే కదా. నేను వెనక బెంచీ, నువ్వు రెండో వరస. మిగతా పిల్లలందర్నీ టీచరమ్మ, అదే మీ లవీనా అత్తయ్య, పేరు పెట్టి పిలిచేది, నిన్ను మాత్రం "మిస్ ఎబర్‌సోల్, లేచి నిలబడు" అనేది. సొంత మేనకోడల్ని ముద్దు చేస్తోందని ఎవరూ అనకూడదని ఆవిడ పట్టుదల. తొమ్మిదేళ్ళ పిల్లవి, జడలు వేలాడేసుకుని జడ్జి ముందు నిలబడ్డట్టు నిలబడేదానివి. బడి వదిలాక నీ వెనకే నడుస్తూ ఆవిడ గొంతుతో "మిస్ ఎబర్‌సోల్! మిస్ ఎబర్‌సోల్!" అని నేను వెక్కిరిస్తే, టిఫిన్ డబ్బా తీసి నా నెత్తిన కొట్టావు. ఆ బొప్పి ఇప్పటికీ ఉంది, టోపీ పెట్టుకున్నప్పుడల్లా తగులుతుంది.

ఇక్కడ మంచు మొదలైంది. నది గడ్డకట్టాక దాని మీదే రోడ్డు వేస్తారట, లారీలు నడపాలట. నాకేం భయం లేదు. (ఉంది. నీకు కాకపోతే ఎవరికి చెప్పను.)

నీళ్ళ సంగతి అంతగా బెంగపెట్టుకోకు. బావి పాతది, ఏదో మట్టి జారి ఉంటుంది. లెంట్జ్ మరీ అంత చెడ్డవాడేం కాదు.

నీ
క్లేటన్

*

అప్పర్ ఫెన్నెల్
అక్టోబర్ 8

ప్రియమైన క్లేటన్,

నువ్వు కూర్చునే చదువు. నిలబడి చదవకు.

సోమవారం టౌన్‌షిప్ మీటింగుకి వెళ్ళాను. అదే, ఎప్పుడూ రోడ్ల గుంతలూ కుక్కల గొడవలూ తప్ప ఏమీ ఉండని మీటింగు. జనం మాట్లాడే వంతు వచ్చినప్పుడు లేచాను. అడిగాను, "గుట్ట పేలిస్తే మా బావులకి పూచీ ఎవరిది?" అని. ఛైర్మన్ కళ్ళజోడు సర్దుకుని, "మిసెస్ స్టాఫర్, దీనికి క్లేటన్ ఏమంటాడు?" అన్నాడు. వెనకాల ఎవడో కిసుక్కున నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "క్లేటన్ అలాస్కాలో ఉన్నాడండీ. నీళ్ళు ఇక్కడున్నాయి. తాగేదాన్ని నేను" అన్నాను.

డోర్కస్ చప్పట్లు కొట్టింది. ఆవిడ చప్పట్లు ఎలా ఉంటాయో తెలుసుగా, కిటికీలు అదురుతాయి.

అక్కడితో ఆగితే బాగుండేది. శనివారం ఫైర్ హాల్లో చికెన్ పాట్‌పై వంటకం భోజనాలప్పుడు డోర్కస్ గరిటె పట్టుకుని బల్లెక్కింది. "ఓటు యంత్రం పైన చిన్న తలుపు ఉంటుంది, జరిపితే పోటీలో లేనివాళ్ళ పేరు కూడా రాసి ఓటేయొచ్చు. మన టౌన్‌షిప్ ఆడిటర్లంతా అలా నాలుగు ఓట్లతో గెలిచిన బాపతే. సూపర్‌వైజర్‌కి మాత్రం ఎందుకు రాయకూడదు? వెర్నా పేరు రాయండి!" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక తెలిసింది, వాళ్ళు నవ్వులాటకి అనడం లేదని.

నాకేం తెలుసు క్లేటన్ పరిపాలన? మొలాసిస్ పాకం పోసి 'పై' అనే తీపి రొట్టె చేయడం తప్ప నాకు చేతనైంది ఏముంది? అలా అని వద్దనడానికి నోరు రావడం లేదు. ఈ పొద్దున గ్లాసులో అడుగున మళ్ళీ ఎర్ర మట్టి పేరుకుంది. ఈసారి మందుగుండు కూడా పేల్చలేదు.

నువ్వేమంటావు? వద్దంటే మానేస్తాను. వెంటనే రాయి.

నీ
వెర్నా

*

గొట్టం క్యాంపు
అక్టోబర్ 17

ప్రియమైన మిస్ ఎబర్‌సోల్‌కి,

కూర్చునే చదివాను. చదివాక లేవలేకపోయాను.

నీకో మాట చెప్పాలి. ఆశ పెట్టి నిరాశ చేయడం ఎందుకని ఇన్నాళ్ళూ చెప్పలేదు. నేను బయల్దేరే ముందు లెంట్జ్ కలిశాడు. క్వారీ తెరిస్తే మొదటి లారీ నాదేనని చేతిలో చెయ్యి వేసి మాటిచ్చాడు. ఆలోచించు వెర్నా. గుట్ట కిందే పని. పొద్దున్న నీ చేతి కాఫీ తాగి వెళ్తాను, మధ్యాహ్నం భోజనానికి ఇంటికొస్తాను. పాడి అమ్మేసుకున్నాక ఆ చుట్టుపక్కల నాకు పని ఇచ్చేవాడు ఎవడున్నాడు? ఇక్కడ మంచం మీద పడుకుని రోజూ ఆ లారీనే తలుచుకుంటున్నాను.

నిన్న నది మీద రోడ్డు ఎంత గట్టిపడిందో చూడ్డానికి పంపిన లారీ ముందు చక్రాలు మంచులో దిగబడిపోయాయి. నడిపేవాడు తలుపు తీసుకుని దూకేశాడు, బతికాడు. నా వెనక మంచంవాడే. రాత్రంతా పళ్ళు టకటకలాడిస్తూనే ఉన్నాడు. వచ్చే వారం నా వంతు.

వద్దని నేను అనను. నువ్వు చేయదల్చుకుంది నువ్వు చేస్తావు, టిఫిన్ డబ్బా రోజుల నుంచీ నాకు తెలిసిందే. కానీ క్వారీ ఆగిపోతే నేను ఇంకో రెండు చలికాలాలు ఇక్కడే అని మాత్రం తెలుసుకుని చెయ్యి.

నీ
క్లేటన్

*

అప్పర్ ఫెన్నెల్
అక్టోబర్ 25

ప్రియమైన క్లేటన్,

నీ ఉత్తరం చదివి వంటింట్లో కూలబడి ఏడ్చాను. తర్వాత కోపం వచ్చింది. లెంట్జ్ చేతిలో చెయ్యి వేయించుకుని, నాకు చెప్పకుండా విమానం ఎక్కేశావా? నేనిక్కడ వాణ్ణి తిట్టిపోస్తుంటే నువ్వక్కడ వాడి లారీ కలగంటున్నావా? ఇంకా నయం, ఆ మీటింగులో లెంట్జ్ లేచి ఈ మాట అనలేదు. అని ఉంటే నా తల ఎక్కడ పెట్టుకోను!

కోపం కాస్త దిగాక మళ్ళీ ఏడుపే. నది మీద నీ వంతు వచ్చిందా? అయిపోయిందా? ఈ ఉత్తరం చేరేసరికి ఎలాగూ అయిపోతుంది. ఒక్క ముక్క రాసి పడెయ్యి, బాగున్నానని.

నీకు తెలియకుండానే నన్నొక రంపం మీద కూర్చోబెట్టావు. గెలిస్తే నువ్వు రావు. ఓడితే నీళ్ళుండవు. నువ్వొచ్చి ఏం తాగుతావు? లెంట్జ్ మాటనా?

ఊరంతా ఇప్పుడు నన్ను చూసే చూపే వేరు. గుట్ట అవతల కొత్త కాలనీలో వాళ్ళు, ఇంతవరకు నా మొహం కూడా తెలియనివాళ్ళు, కారు ఆపి "మీరేనా పై ఆవిడ?" అంటున్నారు, ఫైర్ హాల్లో నేను చేసిన పై తిన్నారు కాబోలు. చర్చిలో లెంట్జ్ భార్య నా పక్క నుంచి లేచి వేరే బెంచీలో కూర్చుంది. లవీనా అత్తయ్య దగ్గరికి వెళ్ళాను, బావుల గురించి మేం రాసిన అర్జీ మీద సంతకం పెట్టమని. ఊట గురించి ఆవిడకన్నా ఎక్కువ తెలిసిన మనిషి లేదు కదా. కాగితం అంతా చదివింది. ఎర్ర పెన్సిల్ తీసింది. సంతకం పెడుతుందనుకుని పొంగిపోయాను. రెండు స్పెల్లింగు తప్పులు దిద్ది కాగితం తిరిగి ఇచ్చేసింది! "సూపర్‌వైజర్ అన్న మాటే సరిగ్గా రాయడం రాదు, అవుతావా?" అంది. ఆవిడ ఇష్టపడని పెళ్ళి చేసుకున్నానని ఇరవై ఏళ్ళుగా నన్ను ఏ పేరూ పెట్టి పిలవదు. "ఏమ్మా", "ఇదిగో", అంతే. దారంతా ఏడుస్తూ వచ్చాను. అప్పుడైనా నువ్వు పక్కన ఉంటే ఆవిడ గొంతు పెట్టి నవ్వించేవాడివి.

కౌంటీ వాళ్ళు నీకు పోస్టు బ్యాలెట్ పంపారట. అందిందా? నీ ఓటు ఎవరికి అని అడగకూడదు. అయినా అడుగుతున్నాను.

వెర్నా

*

గొట్టం క్యాంపు
అక్టోబర్ 31

ప్రియమైన మిస్ ఎబర్‌సోల్‌కి,

బాగున్నాను. నది దాటాను. ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో తలుపు గడియ పట్టుకుని దాటాను.

బ్యాలెట్ అందింది. ఓటు తెర వెనక వేసేది. తెర ముందు పెళ్ళాం ఉన్నా సరే చెప్పకూడదు. టపా విమానం బయల్దేరుతోంది, ఇంతే రాయగలను.

క్లేటన్

*

అప్పర్ ఫెన్నెల్
నవంబర్ 10

ప్రియమైన క్లేటన్,

"బాగున్నాను" అన్న ముక్క చాలు, మిగతాది చించేద్దామనుకున్నాను. తెర ముందు పెళ్ళామట! వేళాకోళం ఆడే సమయమా ఇది?

ఎన్నికలైపోయాయి. ఎవరు గెలిచారో ఎవరికీ తెలియదు. నవ్వకు. డోర్కస్ అందరికీ పేరు రాయమంది కానీ ఏ పేరో చెప్పలేదు. ఎవరికి తోచింది వాళ్ళు రాశారు. మిసెస్ క్లేటన్ స్టాఫర్ అని కొందరు. వెర్నా స్టాఫర్ అని కొందరు. స్టాఫర్‌లో అక్షరాలు తారుమారు చేసి కొందరు. క్లేటన్ వాళ్ళ వెర్నా అని ఒకరు. పై ఆవిడ అని కొత్త కాలనీ వాళ్ళు. ఇవన్నీ ఒకే మనిషి అని ఒప్పుకుంటే లెంట్జ్‌కి దగ్గరగా వస్తానట. ఒప్పుకోకపోతే నేను అరడజను మందినై విడివిడిగా ఓడిపోతానట.

లెంట్జ్ లాయర్ని పెట్టాడు. ఈ నెల ఇరవయ్యిన కౌంటీ కోర్టు హాల్లో విచారణ. కాగితాలన్నీ అందరి ముందూ చదువుతారట. నాకు అన్నం సయించడం లేదు. నిద్రలో కూడా "మీరెవరు? మీరెవరు?" అని ఎవరో అడుగుతున్నట్టే ఉంటోంది.

కుళాయి నీళ్ళు ఈ వారం రెండుసార్లు ఆగిపోయాయి. డోర్కస్ వాళ్ళ బావి కూడా ఎర్రనీళ్ళు మొదలెట్టింది. ఇది నా ఒక్కదాని బెంగ కాదు క్లేటన్, ఇక.

ఓటు సంగతి మాత్రం నువ్వు చెప్పనే లేదు. నువ్వు లెంట్జ్‌కే వేశావని నాకు తెలిసిపోయింది. తప్పు పట్టను. ఇంటికి రావాలనుకునే మనిషిని ఎలా తప్పు పడతాను? కాకపోతే ఆ మాటేదో రాయి. నువ్వు దాచడం నాకు భరించడం కష్టంగా ఉంది.

వెర్నా

*

అప్పర్ ఫెన్నెల్
నవంబర్ 21

నా ప్రియమైన క్లేటన్, నా బంగారు క్లేటన్,

గెలిచాను. ఒక్క ఓటుతో. ఆ ఓటు నీది. తొందరలో రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతే ఏమనుకోకు.

వరసగా చెబుతాను. నిన్న కోర్టు హాలు కిటకిటలాడింది. డోర్కస్ మహిళా సంఘాన్ని మొత్తం వ్యాన్లో ఎక్కించుకొచ్చింది. లవీనా అత్తయ్య ముందు వరసలో, కర్ర ఒళ్ళో పెట్టుకుని, చరిత్ర పుస్తకానికి రాసుకోవాలని కాబోలు, నిటారుగా కూర్చుంది. నా వైపు కన్నెత్తి చూడలేదు.

యంత్రంలోని కాగితం చుట్టని చీటీలుగా కత్తిరించి, పోస్టులో వచ్చినవాటితో కలిపేసి ఒక ముసలాయన ఒక్కొక్కటే చదువుతున్నాడు. మిసెస్ క్లేటన్ స్టాఫర్ దగ్గర లాయరు లేచి, "ఇది మనిషి పేరు కాదు, భర్త పేరు" అన్నాడు. ఎన్నికల బోర్డు వాళ్ళు గుసగుసలాడుకుని, క్లేటన్ స్టాఫర్‌కి భార్య ఒకతే కాబట్టి చెల్లుతుందన్నారు. ఇన్నాళ్ళకి నేను నీ ఏకైక భార్యనని కౌంటీ రూఢి చేసింది. కావాలంటే గోడకి తగిలించుకో. ఉత్త "క్లేటన్ స్టాఫర్" అని ఎవడో రాసింది కొట్టేశారు. అక్షరం తప్పులు చెల్లాయి. "పై ఆవిడ" మీద పెద్ద రగడే జరిగింది. ఊళ్ళో పై చేసే ఆడవాళ్ళు బోలెడుమంది అన్నాడు లాయరు. "చేసేవాళ్ళు ఉన్నారు, తినగలిగేది వెర్నాదే!" అని డోర్కస్ అరిచింది. బోర్డు ఛైర్మన్ ఆవిణ్ణి కూర్చోమని, నవ్వాపుకోలేక, దాన్నీ నాకే ఇచ్చాడు.

చివరికి సరిసమానం అయ్యాం, లెంట్జూ నేనూ. ఒక్క కాగితం మిగిలింది. ముసలాయన దాన్ని దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని, చదివాడు: "మిస్ ఎబర్‌సోల్."

క్లేటన్! ఈ లోకంలో నన్ను అలా పిలిచే మనిషి నువ్వొక్కడివే. నువ్వు ఓటేశావు. ఇంటికి వచ్చే దారి నీ చేత్తో నువ్వే మూసుకుని, నాకు ఓటేశావు. ఇంతకు ముందు ఉత్తరంలో నేను రాసిన మాటలన్నీ గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను.

లాయరు గభాల్న లేచాడు. "మిస్ ఎబర్‌సోల్ ఇక్కడే ఉన్నారు, పెళ్ళికాని ఎబర్‌సోల్ ఈ టౌన్‌షిప్‌లో ఆవిడ ఒక్కరే. ఈ ఓటు ఆవిడది" అని అత్తయ్యని చూపించాడు. హాలంతా ఆవిడ వైపు తిరిగింది. ఆవిడ కర్ర ఊతం పట్టుకుని లేచింది. ఆ గొంతు నీకు తెలుసు, గోడలకి వినపడేలా చెప్పింది: "నేను దేనికీ నిలబడలేదు. ఆ బడిలో నలభై ఏళ్ళు నన్ను ఎవరూ మిస్ ఎబర్‌సోల్ అనలేదు. నేను టీచర్‌ని. మిస్ ఎబర్‌సోల్ అంటే రెండో వరసలో కూర్చున్న పిల్ల. భాగహారం ఎప్పుడూ తప్పే చేసేది. కానీ తప్పు చూపిస్తే ఏడవకుండా మళ్ళీ చేసేది. ఆ రాసినవాళ్ళకి ఎవర్ని రాశారో బాగా తెలుసు." అని కూర్చుంది.

బోర్డు ఛైర్మన్ నన్ను అడిగాడు, "మిమ్మల్ని ఇప్పటికీ ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఉన్నారా?"

నీ ఉత్తరాలు నా పర్సులోనే ఉన్నాయి. చెయ్యి పెట్టాను, తీయలేకపోయాను. తీస్తే నువ్వు రావు. తీయకపోతే చీట్లు వేసి ఎవరికో ఒకరికి కుర్చీ ఇచ్చేస్తారు. నన్నెవరూ తప్పు పట్టరు. అప్పుడనుకున్నాను, క్లేటన్ ఎంచుకున్నాడు కదా, అంత దూరంలో ఉండి, ఆ చలిలో, ఆ నది మీద నడుపుతూ కూడా ఎంచుకున్నాడు కదా, నేను ఎవర్ని కాదనడానికి అని. ఉత్తరం మడిచి, పైన ఒక్క లైను మాత్రమే కనిపించేలా ఛైర్మన్ చేతికిచ్చాను. ఆయన గట్టిగా చదివేశాడు: "ప్రియమైన మిస్ ఎబర్‌సోల్‌కి." హాలు గొల్లుమంది. డోర్కస్ నావైపు చూసిన చూపుకి చెవులదాకా ఎర్రబడిపోయాను.

జనవరిలో క్వారీ ఆగిపోతుంది. నువ్వింకా రెండు చలికాలాలు అక్కడే. నన్ను క్షమించు. కాదు, క్షమించమని అడగను, నువ్వే ఇచ్చిన ఓటు కదా. నీలాంటి మొగుణ్ణి నేను ఏం చేసి సంపాదించుకున్నానో తెలియడం లేదు.

ఆ పేరుతో ఎన్నిసార్లైనా పిలువు. ఇక ఎప్పుడూ ఏమీ అనను.

నీ
మిస్ ఎబర్‌సోల్

*

గొట్టం క్యాంపు
డిసెంబర్ 3

ప్రియమైన వెర్నా,

అవును, వెర్నా అనే రాశాను. ఆ పేరు రాసే యోగ్యత ఈసారి నాకు లేదు.

నీ ఉత్తరం లారీలో కూర్చుని చదివాను. ఇంజను ఆపకుండా చదివాను, ఆపితే గడ్డకట్టేస్తుంది. బంగారు క్లేటన్ అట. నోరు మూసుకుని ఊరుకుంటే జీవితాంతం బంగారు క్లేటన్‌గానే ఉండిపోవచ్చు. ఒక పూట అలాగే అనుకున్నాను కూడా. కానీ నువ్వు ఆ హాల్లో లేచి నిలబడ్డావు. నేనిక్కడ కూర్చుని అబద్ధాన్ని ఎలా మోస్తాను?

ఆ ఓటు నాది కాదు.

నా బ్యాలెట్ ఎక్కడికీ పోలేదు. నా కోటు లోపలి జేబులోనే ఉంది. పెన్సిల్ పట్టుకుని ఎన్నో సాయంత్రాలు మంచం మీద కూర్చున్నాను. నీ పేరు రాస్తే ఇంటికి రావడానికి పని ఉండదు. లెంట్జ్‌కి వేస్తే ఇంటికి రావడానికి మొహం ఉండదు. అటూ వేయలేక ఇటూ వేయలేక కూర్చుంటే గడువు దాటిపోయింది. తెర, పెళ్ళాం అని నీకు రాసిన వేళాకోళమంతా అది దాచుకోవడానికే. నువ్వు నేను ఎంచుకున్నాననుకుని ఆ పర్సు తెరిచావు. నేను ఏమీ ఎంచుకోలేదు వెర్నా. ఆ హాల్లో ఎంచుకున్నది నువ్వొక్కదానివే. నీ చేతిలో నా ఓటు లేకుండానే తెరిచావు.

నన్ను తిట్టు. నీ ఇష్టం వచ్చినంత తిట్టు. రాయడం మాత్రం మానకు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ పేరు నేను కనిపెట్టింది కాదని నీకు ముందే రాశాను, నువ్వే మర్చిపోయావు. నేను దాన్ని ఒకరి నోట్లోంచి దొంగిలించి వెక్కిరించినవాణ్ణి. నిన్ను ఆ పేరుతో పిలిచిన మనుషులు ఈ లోకంలో ఇద్దరే, వెనక బెంచీలో ఒకడు, టీచరు బల్ల దగ్గర ఒకరు. వెనక బెంచీవాడు వేయలేదు. ఇక మిగిలింది ఎవరు?

ఆవిడ నీకు చెప్పనే చెప్పింది, కౌంటీ మొత్తం ముందు నిలబడి చెప్పింది. "ఆ రాసినవాళ్ళకి ఎవర్ని రాశారో బాగా తెలుసు" అని. నువ్వు పర్సు వైపు చూస్తున్నావు కాబట్టి వినలేదు. ఇరవై ఏళ్ళుగా నీ పేరు నోట పలకని మనిషి, ఓటు యంత్రం తెర వేసుకుని, కర్ర పక్కన పెట్టి, ఆ చిన్న తలుపు జరిపి రాసిందంటే ఎంతసేపు నిలబడి ఉంటుందో ఊహించుకుంటున్నాను. స్టాఫర్ అని రాయడానికి ఆవిడకి మనసొప్పలేదు. వెర్నా అని రాస్తే మేనకోడల్ని ముద్దు చేసినట్టవుతుంది. మిగిలిన పేరు అదొక్కటే.

నేను వసంతంలో వచ్చేస్తున్నాను. పని ఉందా లేదా అని కాదు, ఊరికే వస్తున్నాను. రోడ్ల మీద మంచు తోసే బండికి మనిషి కావాలని టౌన్‌షిప్ ప్రకటన వేస్తే, సూపర్‌వైజరమ్మా, నా పేరు వచ్చినప్పుడు నువ్వు లేచి బయటికి వెళ్ళు. మిగతా ఇద్దరినే తేల్చనీ. ఆ కదిలే వరండా మెట్టు సంగతి అంతకన్నా ముందు చూస్తాను.

ఈ ఉత్తరంతో పాటు నా బ్యాలెట్ పంపుతున్నాను. ఇవాళ రాశాను దాని మీద: వెర్నా స్టాఫర్. అక్షరాలు రెండుసార్లు సరిచూసుకున్నాను. చెల్లదని తెలుసు.

నువ్వు మొలాసిస్ పై ఒకటి చేసుకుని అత్తయ్య ఇంటికి వెళ్ళు. థాంక్స్ మాత్రం చెప్పకు, "నీకు నేనెందుకు ఓటేస్తాను?" అని తలుపు మూసేస్తుంది. గుమ్మంలో నిలబడి, "మిస్ ఎబర్‌సోల్ వచ్చింది, టీచర్" అను. చాలు.

నీ
వెనక బెంచీ క్లేటన్